హద్దు తెలియని అక్షరాల దండ

గనిలోకి దిగే కేజ్‌లో ఎంతమంది ఎక్కవచ్చన్నది ముందుగానే తేల్చి ఉంచుతారు. పదిమందికి చోటుంటే పదిమందే. పదకొండో మనిషి ఎంత తొందరలో ఉన్నా, షిఫ్టుకు ఎంత ఆలస్యమైనా, షాఫ్ట్ నోటి దగ్గర నిలబడ్డ బ్యాంక్స్‌మన్ అతణ్ణి ఆపుతాడు. లెక్క సరిపోయాకే తలుపు పడుతుంది, ఆ తరవాతే ఇంజను గదికి గంట వెళుతుంది. కోలారు బంగారు గనుల్లో తాతో తండ్రో పనిచేసిన ఇళ్ళలో ఈ సంగతి పిల్లలకు కూడా తెలుసు. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చిన నాటినుంచి 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేదాకా, మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు పోయిన చాంపియన్ రీఫ్ గనితో సహా, ఆ నేల కింద బతుకంతా లెక్క మీదే నడిచింది.

ఇవాళ నేను చెప్పబోయేది గనుల సంగతి కాదు. కంప్యూటరు లోపల అక్షరాలు ఎక్కే కేజ్ సంగతి. బ్యాంక్స్‌మన్ లేకుండా ఆ కేజ్ దాదాపు యాభై ఏళ్ళు నడిచింది. దానివల్ల ఏమైందో, ఎవరు ఎలా సరిదిద్దారో, మన తెలుగు అక్షరం ఒకటి అందులో ఎలా చిక్కుకుందో చెబుతాను. మారికుప్పం నుంచి పొద్దున్నే రైలెక్కి బెంగళూరు వెళ్ళే వేలమందిలో ఈ పనిచేసేవారు ఉన్నారు. కోలారు, కేజీఎఫ్ ఇంజనీరింగ్ కాలేజీల్లో మొదటి ఏడాదిలోనే సీ భాష నేర్చుకునే పిల్లలున్నారు. కాబట్టి ఇది మనకు దూరపు సంగతి కాదు.

ముందు కంప్యూటరు జ్ఞాపకశక్తి ఎలా ఉంటుందో ఊహించుకుందాం. దీనికి కేజీఎఫ్ వాళ్ళకు వేరే బొమ్మ అక్కరలేదు. గని కార్మికుల లైన్లు గుర్తుకు తెచ్చుకోండి. ఒకే వరస, గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళు, ప్రతి ఇంటికీ ఒక నంబరు. కంప్యూటరు మెమొరీ కూడా అంతే. ఒక్కొక్క ఇంటిని బైటు అంటారు. ఒక్కో ఇంట్లో ఒక ఇంగ్లీషు అక్షరం పడుతుంది. మీరు ప్రోగ్రాములో ‘పేరు కోసం ఇరవై బైట్లు’ అని రాస్తే, వరసగా ఇరవై ఇళ్ళు మీకు కేటాయిస్తుంది. ఇలా కేటాయించిన ఇళ్ళ వరసకే బఫర్ అని పేరు. వరసగా పేర్చిన అక్షరాల దండను స్ట్రింగ్ అంటారు.

దండ ఎక్కడ మొదలవుతుందో తెలుసు, మొదటి ఇంటి నంబరు ఉంది కదా. మరి ఎక్కడ ముగుస్తుంది? సీ భాషలో దీనికి సమాధానం ఒక సున్నా. సున్నా విలువ ఉన్న బైటు కనబడేదాకా నడుచుకుంటూ పోవాలి, కనబడగానే ఆగాలి. ‘కోలార్’ అని ఇంగ్లీషులో రాస్తే అయిదు అక్షరాలు, చివర సున్నాకు ఒకటి, మొత్తం ఆరు ఇళ్ళు.

బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ గమనించండి, ఇందులో ఒక సంగతి ఎక్కడా రాసిపెట్టి లేదు. మీకు కేటాయించిన ఇళ్ళు ఎన్ని? ఆ లెక్క ప్రోగ్రాము రాసినవాడి తలలో ఉందే గాని మెమొరీలో లేదు. ఇరవై ఇళ్ళలో ముప్ఫై అక్షరాలు దించితే, ఇరవై ఒకటో అక్షరం పక్కింటి తలుపు తోసుకుని లోపలికి పోతుంది. అక్కడ ముందునుంచీ కాపురముంటున్న సమాచారం చెరిగిపోతుంది. వద్దని చెప్పేవాడు లేడు.

ఇది ఇలా ఎందుకైందో తెలుసుకోవాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1967లో మార్టిన్ రిచర్డ్స్ అనే ఆంగ్లేయుడు బీసీపీఎల్ అనే భాషను తయారుచేశాడు. అందులో దండ మొదట్లోనే దాని పొడవు రాసి ఉండేది. ‘లోపల అయిదుగురు ఉన్నారు’ అని తలుపు మీద రాసి పెట్టినట్టు. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థామ్సన్ దాన్ని కుదించి బీ అనే భాష చేశాడు. అప్పుడే పొడవు రాయడం మానేసి చివర గుర్తు పెట్టే పద్ధతి వచ్చింది. ఆయన సహచరుడు డెన్నిస్ రిచీ 1972 ప్రాంతాల్లో రూపుదిద్దిన సీ భాషలో ఆ గుర్తు సున్నా అయింది. ఎందుకలా చేశారో రిచీ 1993లో రాసిన ఒక వ్యాసంలో దాచకుండా చెప్పాడు. పొడవును ఒకే ఒక బైటులో పెడితే 255కు మించి రాయలేం, అది ఒక ఇబ్బంది. రెండోది, లెక్కను ఎప్పటికప్పుడు మోసుకు తిరగడం కంటే చివర ఒక గుర్తు పెట్టుకోవడమే వాళ్ళ అనుభవంలో సులువుగా తోచింది.

ఆ కాలానికి అది తప్పు నిర్ణయమని నేననను. వాళ్ళకు దొరికిన మొదటి పీడీపీ-11 యంత్రంలో మొత్తం మెమొరీ 24 కిలోబైట్లు. అందులో 16 యూనిక్స్ వ్యవస్థకే పోతే మిగిలింది ఎనిమిది. మీ జేబులోని ఫోనులో ఒక చిన్న ఫోటోకు కూడా అది చాలదు. అలాంటిచోట ప్రతి బైటునూ పొదుపు చేసుకోవాల్సిందే. పైగా ఆ యంత్రాన్ని వాడేవాళ్ళు ఒకరికొకరు తెలిసిన నలుగురే. తన స్నేహితుడి పేరు ఇరవై అక్షరాలు దాటదని ప్రోగ్రాము రాసేవాడికి తెలుసు.

2011లో పౌల్ హెన్నింగ్ కాంప్ అనే డెన్మార్క్ ప్రోగ్రామరు, ఒక్క బైటు దగ్గర చేసిన ఈ పొదుపే కంప్యూటరు చరిత్రలో అన్నిటికంటే ఖరీదైన పొరపాటు కావచ్చని రాశాడు. అది సగమే నిజమని నాకనిపిస్తుంది. దండ పొడవు మొదట్లో రాసి ఉన్నా, దాన్ని దించబోయే చోట ఎన్ని ఇళ్ళున్నాయో అది చెప్పదు. ఎక్కేవాళ్ళు ఎందరన్నది ఒక లెక్క, కేజ్‌లో చోటెంత అన్నది వేరే లెక్క. రెండూ కావాలి. బీసీపీఎల్ మొదటిది ఇచ్చింది, సీ ఏదీ ఇవ్వలేదు.

ఇదేదో అప్పట్లో ఎవరికీ తోచని విషయమని అనుకోకండి. టోనీ హోర్ అనే శాస్త్రవేత్త 1960ల మొదట్లోనే ఇంగ్లండులో ఎలియట్ కంపెనీ యంత్రానికి ఆల్గాల్ భాషను అమర్చాడు. అందులో వరస హద్దు దాటుతున్నామా లేదా అన్నది యంత్రం ప్రతిసారీ సరిచూసేది. కొన్నేళ్ళ తరవాత, వేగం పెరుగుతుందంటే ఈ తనిఖీ తీసేయమంటారా అని కొనుగోలుదార్లను అడిగారు. వద్దుగాక వద్దు, ఉండనివ్వండి అని అందరూ ఒకే మాట చెప్పారు. ఎన్ని తప్పులు పట్టుబడుతున్నాయో వాళ్ళు అప్పటికే కళ్ళారా చూశారు మరి. ఈ సంగతి హోర్ 1980లో ట్యూరింగ్ పురస్కారం అందుకుంటూ చేసిన ప్రసంగంలో చెప్పాడు.

ఎనిమిదేళ్ళకే దెబ్బ తగిలింది. అది 1988. మన కేజీఎఫ్‌లో రాతి పేలుళ్ళ వంటివాటిని శాస్త్రీయంగా పరిశోధించడానికి జాతీయ శిలా యాంత్రిక శాస్త్ర సంస్థ ఏర్పడిన సంవత్సరమూ అదే. ఆ ఏడాది నవంబరు 2న రాబర్ట్ టప్పన్ మోరిస్ అనే కార్నెల్ విశ్వవిద్యాలయం విద్యార్థి, తనంతట తానే ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి పాకే ప్రోగ్రామును నెట్‌వర్కులోకి వదిలాడు. అది లోపలికి దూరిన దారుల్లో ఒకటి ‘ఫింగర్’ అనే చిన్న సేవ. ఫలానా మనిషి ఇప్పుడు కంప్యూటరు ముందు ఉన్నాడా అని అడిగితే జవాబు చెప్పడం దాని పని. అడిగినవాడు పంపిన వరుసను ఉంచుకోవడానికి ఆ ప్రోగ్రాములో 512 బైట్ల చోటుంది. ఆ వరుసను చదివేది ‘గెట్స్’ అనే సీ ఫంక్షను.

ఈ గెట్స్ గురించి రెండు మాటలు చెప్పాలి. దానికి మీరిచ్చేది ఒక్కటే, ఎక్కడ దించాలో ఆ మొదటి ఇంటి చిరునామా. ఎన్ని ఇళ్ళున్నాయో చెప్పడానికి దారే లేదు. వరుస ముగిసేదాకా వచ్చినవాళ్ళందరినీ లోపలికి తోస్తూ పోతుంది. మోరిస్ ప్రోగ్రాము 512కు బదులు 536 బైట్లు పంపింది. పక్కిళ్ళలో ఉన్నది ఏమిటంటే, పని ముగిశాక ప్రోగ్రాము తిరిగి ఎక్కడికి వెళ్ళాలో చెప్పే చిరునామా. అదనపు బైట్లు సరిగ్గా దానిమీద పడ్డాయి. ఆ చిరునామా స్థానంలో మోరిస్ తనకు కావలసిన చిరునామా రాశాడు. పని ముగించుకున్న యంత్రం ఇంటికి వెళుతున్నాననుకుని దొంగ ఇంటికి వెళ్ళింది, అక్కడ ఉన్న ఆజ్ఞలను పాటించింది.

అప్పట్లో ఇంటర్నెట్ మీద అరవై వేల యంత్రాలుంటే, సుమారు ఆరు వేలకు అది సోకిందని అంచనా. మోరిస్‌కు 1990లో శిక్ష పడింది. మూడేళ్ళ ప్రొబేషను, 400 గంటల సమాజ సేవ, పదివేల డాలర్ల పైచిలుకు జరిమానా. ఇంకో విశేషం, అతని తండ్రి బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ మీద పనిచేసినవాడు, ఆ సమయానికి అమెరికా ప్రభుత్వ కంప్యూటరు భద్రతా విభాగంలో ఉన్నాడు. ఈ ఘటన తరవాతే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో సెర్ట్ అనే అత్యవసర సమన్వయ కేంద్రం పుట్టింది.

గెట్స్‌ను ఇక వాడవద్దని అందరూ అన్నారు. అన్నారే గాని, సీ భాషా ప్రమాణం నుంచి దాన్ని పూర్తిగా తీసేసింది 2011లో. ఇరవై మూడేళ్ళు పట్టింది. పాఠ్యపుస్తకాల్లోంచి ఇంకా పూర్తిగా పోలేదు.

మరి హద్దు తెలిసిన ఫంక్షన్లు సీలో లేవా? ఉన్నట్టే కనిపించేది ఒకటుంది. స్టర్‌కాపీ అనేది ఒక దండను ఇంకోచోటికి కాపీ చేస్తుంది, హద్దు చూడదు. స్టర్ ఎన్ కాపీ అనేదానికి ఒక సంఖ్య కూడా ఇవ్వాలి. అంతకు మించి రాయదు. ఇదే మందు అనుకుని చాలామంది ఊరూరా పంచారు. నిజానికి అది వేరే జబ్బుకు చేసిన మందు. తొలినాళ్ళ యూనిక్స్‌లో ఫైలు పేరుకు సరిగ్గా 14 బైట్ల గడి ఉండేది. పేరు పొట్టిదైతే మిగతా గడి నిండా సున్నాలు, సరిగ్గా 14 అయితే చివర సున్నా ఉండదు. ఆ గడి నింపడానికి పుట్టింది స్టర్ ఎన్ కాపీ. ‘ముల్బాగల్’ అని ఇంగ్లీషులో రాస్తే ఎనిమిది అక్షరాలు. ఎనిమిది బైట్ల బఫర్‌లో స్టర్ ఎన్ కాపీతో దాన్ని దించి చూడండి. ఎనిమిది అక్షరాలూ కూర్చుంటాయి, ముగింపు సున్నాకు చోటుండదు. యంత్రం ఏ ఫిర్యాదూ చేయదు. తరవాత ఎవరైనా ఆ పేరు చదవబోతే, సున్నా కోసం వెతుక్కుంటూ పక్కిళ్ళలోకి పోతారు. రాసేటప్పుడు తప్పిన ప్రమాదం చదివేటప్పుడు ఎదురవుతుంది.

1998లో ఓపెన్ బీఎస్‌డీ అనే వ్యవస్థ కోసం టాడ్ మిల్లర్, థియో డి రాట్ కలిసి స్టర్ ఎల్ కాపీ, స్టర్ ఎల్ క్యాట్ అనే రెండు ఫంక్షన్లు రాశారు. బఫర్ మొత్తం పరిమాణం ఇస్తే చాలు. పట్టినంత కాపీ చేసి, చివర సున్నా తప్పకుండా పెడతాయి. పూర్తిగా పట్టాలంటే ఎంత పొడవు కావలసిందో తిరిగి చెబుతాయి. ఆ సంఖ్య బఫర్ కంటే తక్కువ కాకపోతే కొంత తెగిపోయిందని అర్థం. చూడడానికి ఎంత సాదా మార్పో! అయినా లినక్స్ ప్రపంచంలో ఎక్కువమంది వాడే గ్లిబ్‌సీ గ్రంథాలయం పెద్దలు వీటిని ఒప్పుకోలేదు. తెగిపోయిన దండ కూడా తప్పే, ఈ ఫంక్షన్లు ఆ తప్పును దాచిపెడతాయి అన్నది వాళ్ళ వాదం. వాదంలో పస ఉంది, దాని సంగతి తెలుగు దగ్గరికి వచ్చినప్పుడు చూద్దాం. చివరికి 2023 ఆగస్టులో వచ్చిన గ్లిబ్‌సీ 2.38లో ఆ రెండూ చోటు సంపాదించాయి. విచిత్రమేమిటంటే, అదే సమయంలో లినక్స్ కెర్నెల్ వాళ్ళు స్టర్ ఎల్ కాపీని తమ ఇంట్లోంచి ఊడ్చేస్తున్నారు. పొడవు చెప్పడం కోసం అది మూల దండను చివరిదాకా నడిచి చూస్తుంది, మూల దండకే ముగింపు లేకపోతే గోతిలో పడుతుంది. అందుకని 2015లో స్టర్ ఎస్ కాపీ తెచ్చుకున్నారు. పట్టకపోతే అది నేరుగా ‘తప్పు’ అని జవాబిస్తుంది. 2024 నాటికి కెర్నెల్‌లో స్టర్ ఎల్ కాపీ లేకుండా పోయింది.

1999 ప్రమాణంలో చేరిన ఎస్ ఎన్ ప్రింట్ ఎఫ్ కూడా మంచిదే. దానికీ ఒక మెలిక ఉంది. అది తిరిగిచ్చేది ఎంత రాసిందన్న లెక్క కాదు, చోటు ఉండుంటే ఎంత రాసేదన్న లెక్క. ముక్క తరవాత ముక్క అతికేవాళ్ళు ఆ లెక్కను ఎప్పటికప్పుడు కూడుకుంటూ పోతే, ఒకచోట మొత్తం బఫర్ పరిమాణాన్ని దాటిపోతుంది. అప్పుడు ‘ఇంకా మిగిలిన చోటు’ అని తీసివేస్తే రుణ సంఖ్య రావాలి. కానీ ఆ గడిలో రుణ సంఖ్యకు తావు లేదు, అది కోట్లకొద్దీ చోటు ఉన్నట్టుగా మారిపోతుంది. సంచి నిండిపోయిన క్షణంలోనే సంచి అనంతమని తోస్తుందన్నమాట. నిజంగా రాసిన లెక్కనే తిరిగిచ్చే ఇంకో ఫంక్షనును లినక్స్ కెర్నెల్ విడిగా పెట్టుకుంది. సీ 2011 ప్రమాణం అనుబంధంలోనూ ఇలాంటి రక్షణ ఫంక్షన్ల పట్టిక ఒకటి వచ్చింది గాని, అమలుచేసినవారు తక్కువ.

ఇంకో వైపు నుంచి, తప్పు జరిగినా ప్రాణం పోకుండా కాపాడే ఏర్పాట్లూ వచ్చాయి. గనుల్లో వైండింగ్ ఇంజను ఆగవలసినచోట ఆగకపోతే కేజ్ పైనున్న చక్రానికి గుద్దుకుంటుంది. 1860ల్లో లాంకషైర్‌లో ఎడ్వర్డ్ ఆర్మరాడ్ ఒక కొక్కెం తయారుచేశాడు. హద్దు దాటగానే అది తాడును వదిలేసి, కేజ్‌ను ఉన్నచోటే వేలాడదీస్తుంది. కంప్యూటరులో ఇలాంటిది 1998లో స్టాక్ గార్డ్ పేరుతో వచ్చింది. తిరుగు చిరునామాకు ముందు ఒక రహస్య సంఖ్య ఉంచుతారు. హద్దు దాటిన రాత చిరునామాను చేరేలోగా ఆ సంఖ్యను చెరిపి తీరాలి. తిరిగి వెళ్ళేముందు యంత్రం దాన్ని చూసుకుంటుంది, మారి ఉంటే ప్రోగ్రామును అక్కడికక్కడే ఆపేస్తుంది. ఆ సంఖ్యకు పెట్టిన పేరు కెనరీ. బొగ్గు గనుల్లో విషవాయువును ముందుగా పసిగట్టడానికి పంజరంలో తీసుకుపోయిన పసుపుపచ్చ పిట్ట పేరే అది. గనివాళ్ళ మాట కంప్యూటరువాళ్ళకు అలా చేరింది.

కొక్కెం, పిట్ట ఆఖరి రక్షణలు. బ్యాంక్స్‌మన్ పని అవి చేయవు. ఆ పని చేసేది మాత్రం చాలా సాదా ఆలోచన. దండ చిరునామా, ఇప్పటిదాకా నిండిన లెక్క, మొత్తం చోటు, ఈ మూడింటినీ ఒకే కట్టగా కట్టి, ఎక్కడికి వెళ్ళినా కట్టనే పంపాలి, విడిగా చిరునామాను పంపకూడదు. 1990ల్లో డాన్ బెర్న్‌స్టైన్ తన క్యూమెయిల్ అనే ఉత్తరాల వ్యవస్థను ఈ పద్ధతిలోనే రాశాడు. తరవాత గిట్ అనే సాధనంలోకి స్టర్‌బఫ్ అనే కట్ట వచ్చింది, చోటు చాలకపోతే అది తనంతట తానే పెరుగుతుంది. పెరగడానికి వీల్లేని కెర్నెల్ లోపల 2014లో సెక్‌బఫ్ వచ్చింది. ఇది నాకు చాలా నచ్చిన ఏర్పాటు. ఎన్ని ముక్కలైనా అతుకుతూ పోవచ్చు. నిండిపోతే అది తరవాతి ముక్కలను రాయడం మానేసి, ‘పొంగింది’ అన్న గుర్తు పెట్టుకుని ఊరుకుంటుంది. మీరు అడుగడుగునా తనిఖీ చేయనక్కరలేదు, ఆఖరున ఒక్కసారి అడిగితే చాలు. ప్రోగ్రాము పొట్టిదవుతుంది, భద్రమూ అవుతుంది. భద్రత కావాలంటే రాత పెరుగుతుందని భయపడేవాళ్ళు దీన్ని చూడాలి.

ఇప్పుడు మన అక్షరాల దగ్గరికి వద్దాం. ఇందాక ఒక్కో ఇంట్లో ఒక ఇంగ్లీషు అక్షరం అన్నాను. తెలుగుకు ఒక ఇల్లు చాలదు. ప్రపంచ లిపులన్నిటికీ సంఖ్యలిచ్చిన యూనికోడ్ 1991లో తెలుగుకూ చోటిచ్చింది. ఆ సంఖ్యలను బైట్లుగా పేర్చే యూటీఎఫ్-8 పద్ధతిని 1992లో న్యూజెర్సీలోని ఒక హోటలులో భోజనం బల్ల దగ్గర రూపొందించినవారు రాబ్ పైక్, ఇంకెవరో కాదు, ఆ బీ భాష కెన్ థామ్సనే. సున్నా బైటు ఇంకే అక్షరం మధ్యలోనూ రాకుండా జాగ్రత్తపడ్డారు. అందుకే సున్నాతో ముగిసే పాత సీ దండల్లో తెలుగు కూడా ఇమిడిపోయింది.

కానీ లెక్క మారింది. తెలుగులో హల్లుకు మూడు బైట్లు, గుణింతపు గుర్తుకు మూడు, పొల్లుకు మూడు. ‘కోలారు’ అన్న మాటలో క, ఓత్వం, ల, దీర్ఘం, ర, కొమ్ము, మొత్తం ఆరు గుర్తులు, అంటే 18 బైట్లు, సున్నాతో 19. ఇంగ్లీషులో ఆరుతో పోయేది. కన్నడానికీ, తమిళానికీ ఇదే లెక్క. నాలుగు భాషలు వినిపించే కేజీఎఫ్ వీధిలో మూడు భాషల పేర్లకు మూడింతల చోటు కావాలి. ఇంగ్లీషు పేరును మనసులో పెట్టుకుని ఇరవై అయిదు బైట్లు చాలనుకున్నవాడి బఫర్‌లో మన పేర్లు పొంగుతాయి, లేదా తెగుతాయి.

తెగితే ఏమవుతుంది? కోలారు జిల్లాలో ఏ ఊళ్ళోనైనా వినిపించే రెండు పేర్లు తీసుకోండి. వెంకటరమణప్ప, వెంకటరమణమ్మ. ‘వెంకటరమణ’ వరకు ఎనిమిది గుర్తులు, 24 బైట్లు. 25 బైట్ల బఫర్‌లో స్టర్ ఎల్ కాపీతో ఎంతో భద్రంగా దించారనుకుందాం. మెమొరీలో పక్కింటికి ఏ హానీ జరగలేదు. కానీ భార్యాభర్తలిద్దరూ ‘వెంకటరమణ’ అయిపోయారు. పొలం ఎవరి పేరున ఉందో, పింఛను ఎవరికి రావాలో ఆ రెండు పేర్లను బట్టి తేల్చవలసివస్తే? గ్లిబ్‌సీ పెద్దల వాదంలో పస ఉందని అన్నది ఇందుకే. ఫంక్షను తిరిగిచ్చిన సంఖ్యను చూడకపోతే, యంత్రం పడిపోదు గాని కాగితం అబద్ధమాడుతుంది. యంత్రం పడిపోతే కనీసం ఎవరో ఒకరు వచ్చి చూస్తారు.

ఇంకా సన్నని చిక్కు ఉంది. 24 దగ్గర కాక 23 దగ్గర తెగితే, ‘ణ’ మూడు బైట్లలో రెండే మిగిలి, తెర మీద ప్రశ్నార్థకపు పెట్టె కనిపిస్తుంది. అదృష్టవశాత్తు యూటీఎఫ్-8లో నడిమి బైట్లను చూడగానే గుర్తుపట్టవచ్చు. కాబట్టి తెంచేముందు అక్షరం మొదలయ్యేచోటికి వెనక్కి నడవవచ్చు. అయినా పూర్తిగా తీరదు. ‘కృష్ణ’లో క, ఋత్వం, ష, పొల్లు, ణ, అయిదు గుర్తులు. నాలుగింటి దగ్గర తెంచితే బైట్ల లెక్క శుద్ధంగా ఉంటుంది గాని ‘కృష్’ మిగులుతుంది. మన లిపిలో అక్షరం అంటే బైటూ కాదు, గుర్తూ కాదు, ఒత్తుతో గుణింతంతో కలిసిన కట్ట.

ఈ కట్టే 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా వార్త అయింది. ‘జ్ఞానం’ మాటలోని మొదటి అక్షరం, జ్ఞా. జ, పొల్లు, ఞ, దీర్ఘం. ఞకూ దీర్ఘానికీ మధ్య కంటికి కనబడని ఇంకో గుర్తు చేర్చిన దండ ఒకటి బయలుదేరింది. ఆ కనబడని గుర్తు మనకు శత్రువేమీ కాదు. ‘కేజ్’ పక్కన ‘లో’ చేరినప్పుడు జకు లావత్తు పడకుండా ‘కేజ్‌లో’ అని విడిగా నిలిచేది దాని పుణ్యమే. ఆ అయిదు గుర్తుల దండ సందేశంగా వస్తే ఆపిల్ ఐఫోనుల్లో ఆ సందేశాల యాప్ కుప్పకూలేది. నోటిఫికేషన్‌గా కనబడితే ఫోను తెరే దెబ్బతినేది. కొందరు ఆకతాయిలు దాన్ని తమ పేరుగా పెట్టుకుని నలుగురి ఫోనులూ పాడుచేశారు. ఫిబ్రవరి 19న ఆపిల్ సవరణ విడుదల చేసింది. అక్షరాలను తీర్చిదిద్దే కోర్‌టెక్స్ట్ అనే భాగంలో, ప్రత్యేకంగా కూర్చిన దండవల్ల మెమొరీ పాడయ్యే వీలుందని, లోపలికి వచ్చేదాన్ని సరిచూసే పద్ధతిని మెరుగుపరిచామని ప్రకటించింది. పత్రికలు మాత్రం ‘తెలుగు అక్షరం ఫోనులను చంపుతోంది’ అని రాశాయి. పాపం, అక్షరం ఏం చేసింది? అటువంటి కట్ట ఎదురవుతుందని ఊహించనివాడు రాసిన ప్రోగ్రాము చేసింది. ఇందులో ఇంకొన్ని భారతీయ లిపుల కూర్పులు కూడా చిక్కుకున్నాయి.

కాబట్టి ఈ ఏడు సీ నేర్చుకుంటున్న పిల్లలకు ఒక చిన్న పని. మీ పుస్తకంలో పేరు అడిగి పలకరించే ప్రోగ్రాము తప్పక ఉంటుంది. అందులో గెట్స్ ఉంటే, కొత్త కంపైలరు అసలు గుర్తించదు, లేదా ప్రమాదకరమని హెచ్చరిస్తుంది. దాని స్థానంలో ఎఫ్‌గెట్స్ పెట్టండి. దానికి బఫర్ పరిమాణం చెప్పి తీరాలి. వరుస చివర మీరు కొట్టిన ఎంటర్ గుర్తును కూడా అది లోపల ఉంచేస్తుంది, దాన్ని మీరే తీసేయాలి. ఆ గుర్తు కనబడకపోతే వరుస పూర్తిగా పట్టలేదేమోనని అనుమానించాలి. తరవాత మీ పేరును ఇంగ్లీషులో కాదు, తెలుగులోనో కన్నడంలోనో ఇచ్చి, ఎన్ని బైట్లు వచ్చాయో స్టర్‌లెన్‌తో అచ్చువేసి చూడండి. మీ అమ్మ పేరు, అమ్మమ్మ పేరు కూడా ఇచ్చి చూడండి. మన వైపు అమ్మమ్మల పేర్లు పొడుగ్గానే ఉంటాయి.